ఎడమ బూటు తొడిగే ముందు

అమీర్‌పేట,
సోమవారం, మధ్యాహ్నం రెండున్నర.

చిరంజీవి యశస్వినికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నాన్నగారూ నేనూ ఆరోగ్యంగానే ఉన్నాం. నువ్వూ అక్కడ క్షేమమని తలుస్తానని ప్రతి ఉత్తరంలో రాస్తాను. ఈసారి ఆ మాట రాయబోతే చేయి ఆగిపోయింది. అందుకని ముందు ఇది చదువు. ఈ ఉత్తరం అందేసరికి నువ్వు బూట్లు తొడుక్కోబోతూ ఉంటే ఆగు. ఎడమ బూటులో కాలు పెట్టకు. లోపలి మెత్తటి తొడుగు, అదే లైనర్, బయటికి లాగి, అడుగునున్న ఇన్‌సోల్ తీసి తిరగేసి చూడు. దానికి నీలం గుడ్డ అంటించి ఉంటుంది. ఆ గుడ్డ కింద ఉన్నదాన్ని తీసెయ్యాలి. ఎలా తీయాలో, తీశాక బకిళ్ళు ఎలా పెట్టాలో కింద రాస్తాను. అది అక్కడికెలా వచ్చిందో కూడా రాస్తాను. రాయకుండా ఈ ఉత్తరం ముగించను.

మీ టీం ఫిజియో మహేశ్ శ్రీనగర్ కాలనీలో వాళ్ళింటికి సెలవు మీద వచ్చాడు. ఈ ఉత్తరం అతని చేతే పంపుతున్నాను. రేపు పొద్దున అతని విమానం. దారిలో మంచు అడ్డం రాకపోతే బుధవారం సాయంత్రానికి గుల్‌మార్గ్‌లో ఉంటానన్నాడు. శుక్రవారం నీ స్కీయింగ్ సెలక్షన్ ట్రయల్. మధ్యలో ఉన్నది ఒక్క గురువారం. ఆ దారి ఒక్కోసారి రెండేసి రోజులు మూసుకుపోతుందని నువ్వే రాశావు. అది గుర్తొచ్చినప్పుడల్లా లేచి నిలబడుతున్నాను, మళ్ళీ కూర్చుంటున్నాను. మహేశ్‌కి ఫోన్లో నోటితో కూడా చెప్పాను, ఎడమ బూటు ఇన్‌సోల్ కింద రబ్బరుంది, నువ్వు చేరగానే దగ్గరుండి తీయించు బాబూ అని. ఎందుకుందో అతనికి చెప్పలేదు. అది నీకే చెప్పాలి.

ట్రయల్స్ అయ్యేదాకా మీ ఫోన్లు కోచ్‌గారి దగ్గరే ఉంటాయి కదా. క్యాంపు ఆఫీసుకి నిన్నటి నుంచి పదిహేడుసార్లు చేశాను. రెండుసార్లే మోగింది. ఒకసారి ఎవరో ఎత్తి, నా హిందీ సగం విని, "హా మాతాజీ, బోల్ దేంగే" అని పెట్టేశాడు. ఏం చెబుతాడో, ఎవరికి చెబుతాడో తెలియదు. కోచ్‌గారి నంబరు స్విచాఫ్ వస్తోంది.

నీ ఉత్తరం శనివారం అందింది. నువ్వడిగినవాటికి వరసగా జవాబులు రాస్తున్నాను. అలవాటు తప్పితే అసలు సంగతి నా నోట రాదు. నాన్నగారి దగ్గు పూర్తిగా తగ్గింది, మాసబ్ ట్యాంక్ ఆఫీసుకి మళ్ళీ బస్సులోనే వెళుతున్నారు. నువ్వు కుశలమడిగిన కింది ఫ్లాటావిడ నిన్ను తలుచుకుంది. "మీ అమ్మాయి ఆ రోబో బూట్లేసుకుని హాల్లో నడుస్తుంటే మా ఫ్యాను ఊగేదండీ. ఇప్పుడేంటో ఇల్లంతా బోసిగా ఉంది" అంది. చిన్నప్పుడు నువ్వు చక్రాల బూట్లతో ఆ పార్కింగులో ఇటుకముక్కలు వరసగా పెట్టి వాటి మధ్య తిరిగినప్పుడు మన మీద కంప్లయింటు రాసిందీ ఆవిడే.

మూడో ప్రశ్న, నిరుటి బకిళ్ళ లెక్కలు. నా పుస్తకంలో ఉన్నాయి, కింద రాస్తాను. ఇడ్లీపిండి ఎన్నిగంటలు పులిసిందో కూడా రాసుకునే మనిషని మీ నాన్నగారు నన్ను అందరిముందూ ఆటపట్టిస్తారు. కానీ మూడేళ్ళుగా నీ బూట్ల పేజీలు ఆయనే తీసి చదువుకుంటారు. మంచు ఎలా ఉంది, ఏ బకిల్ ఎన్నో గాడిలో ఉంది, ఎన్నిసార్లు దిగావు, ఎక్కడ పడ్డావు, నువ్వు రాసినవన్నీ తేదీలవారీగా అందులో ఉన్నాయి.

నాలుగోది నీ మాటల్లోనే. "కోచ్‌గారు అందరిముందూ అన్నారు, నీ మోకాలు బాగానే ఉంది, భయమే నీ తలలో ఉంది అని. అమ్మా, నువ్వు ఉన్నదున్నట్టు రాసే మనిషివి. నేను పిరికిదాన్నయిపోయానా? శుక్రవారం కూడా ఇలాగే వస్తే ఇక చాలు. బూట్లు ఇక్కడే ఎవరికైనా ఇచ్చేసి వచ్చేస్తాను."

ఉన్నదున్నట్టు రాసే మనిషివి అన్నావు. ఆ మాట చదివి నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి దగ్గర ఊరికే నిలబడ్డాను. తర్వాత పుస్తకం తీశాను.

ఈ చలికాలంలో నువ్వు పడ్డవి పదకొండు. అందులో తొమ్మిది కుడివైపు తిరిగేటప్పుడే. కుడికి తిరిగేటప్పుడు బరువంతా మోసేది ఎడమకాలు. నిరుడు అదే కాలు, ఆపరేషనైన కాలే, ఒక్కసారి కూడా నిన్ను పడేయలేదు. భయమే అయితే ఆపరేషనైన కొత్తలో, నిరుడు ఉండాలి, ఈ ఏడు తగ్గాలి. లెక్క తిరగబడి ఉంది. ఆ కిందే నువ్వు రాసిన ఇంకో మాట కనిపించింది. "మంచులో కుడి స్కీ గీత పైనుంచే సన్నగా, బ్లేడుతో కోసినట్టు మొదలవుతుంది. ఎడమది మొదట్లో చీపురుతో ఊడ్చినట్టు వెడల్పుగా చెరిగిపోయి, సగం మలుపయ్యాక గీత మొదలవుతుంది." ఆ వాక్యం చదివేసరికి నాకు అర్థమైపోయింది. అయినా ఒప్పుకోలేక పరీక్ష చేసి చూడాలనుకున్నాను.

నిన్న పొద్దున నా గట్టి చెప్పులు వేసుకుని, ఎడమ చెప్పులో మాత్రం ఒక మెత్తటి రబ్బరు ముక్క పెట్టి, మన పార్కింగ్ ర్యాంపు మీద అడ్డంగా నిలబడ్డాను. మలుపు ఎలా తిరుగుతారో నువ్వు హాల్లో నాకు నేర్పించినట్టే ముందు పాదం వంచాను. కుడి చెప్పు నా పాదంతోపాటే వంగింది. ఎడమ పాదం ముందు రబ్బరులోకి దిగింది, పక్కకి దొర్లింది, మడమ లేచింది. చెప్పు మాత్రం కదల్లేదు. ఇంకాస్త వంగాను, అయినా కదల్లేదు. తుంటి మొత్తం పక్కకి తోసేసరికి ఒక్కసారిగా వంగి, నేను గోడకి కొట్టుకున్నాను. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి, "ఏమైందమ్మా, బీపీనా? జర కూసోండి, నీళ్ళు తెస్త" అన్నాడు. "పరీక్ష చేస్తున్నాను" అన్నాను. "కసరత్తుకు మెట్లున్నయ్ గద, గాడ చేస్కోవాలె" అంటూ నవ్వాడు. నేను అక్కడే ర్యాంపు మీద కూర్చుండిపోయాను.

ఆ రబ్బరు ముక్క, నీ బూటులో పెట్టించగా మిగిలిన ముక్క.

అక్టోబరులో నువ్వు కొత్త ఇన్‌సోల్స్ చేయించమని బూట్లు నాకిచ్చి ఢిల్లీ క్యాంపుకి వెళ్ళావు. పంజాగుట్టలో షుగరు వాళ్ళకి మెత్తటి ఎంసీఆర్ చెప్పులు కుట్టే సారయ్య దగ్గరికి తీసుకెళ్ళాను. మొదటిసారి ఆ బూటు చూసినప్పుడు, "బూటా గిది, బోరు పైపా అమ్మా?" అని నవ్వాడు. తర్వాత మీ ఇద్దరూ రెండు గంటలు కూర్చుని నీ పాదం అచ్చు తీసిన రోజు గుర్తుందా? నువ్వు చెప్పిందల్లా అతనికి గుర్తుంది. పాదం అడుగు రాయిలా గట్టిగా ఉండాలి, మడమ బూటు వెనక గుంటలో దిగబడాలి, పాదం వెంట్రుకంత వంగితే స్కీ కూడా అంతే వంగాలి, మధ్యలో ఏదీ ఆ కదలికని మింగెయ్యకూడదు అన్నావు.

సారయ్య రెండు ఇన్‌సోల్సూ అలాగే గట్టిగా చేసి ఇచ్చాడు. అప్పుడు నేను ఎడమదాని కింద నాలుగు మిల్లీమీటర్ల ఎంసీఆర్ రబ్బరు వేసి, పైన గుడ్డ అంటించమన్నాను. అతను చేతిలో పని ఆపేశాడు.

"అమ్మా, గిది షుగరోల్లకు ఏస్తం. పాపకెందుకు? అడుగు బండ లెక్క ఉండాలె అని పాపే చెప్పింది గద."

"ఆపరేషనైన కాలు సారయ్యా. మెత్తగా ఉంటే మోకాలికి మంచిది."

"డాక్టర్ సాబ్ చెప్పిండా?"

చెప్పాడన్నాను. ఏ డాక్టరూ చెప్పలేదు.

"పాపకు ఎర్కేనా?"

తెలుసన్నాను.

అతను నా ముఖం ఒకసారి చూశాడు. "మీరు పుస్తకంల రాస్కుంటరు గద, గిది సుత రాస్కోండి. సారయ్య వద్దన్నడు అని" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను ఇంటికొచ్చి పుస్తకంలో ఆ తేదీ కింద "ఇన్‌సోల్స్ కొత్తవి. ఎడమ, కుడి ఒకటే. మార్పు లేదు" అని రాశాను. ఇరవై నాలుగేళ్ళ సంసారంలో నా పుస్తకంలో నేను తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే.

యశూ, మోకాలికి మెత్తగా ఉండాలని నేను అనుకున్నమాట నిజమే. కానీ అది సగం. మిగతా సగం కూడా రాస్తున్నాను. నువ్వు నిరుడు పంపిన వీడియో చూశాను. నువ్వు మలుపులో పడుకున్నట్టే వాలిపోయావు. బయటి కాలు చాచి ఉంది, లోపలి కాలు ఛాతీ దాకా మడిచి ఉంది, తుంటి మంచుని రాసుకుంటూ పోతోంది. నాన్నగారు ఆ పదకొండు సెకన్ల వీడియో ఆఫీసులో అందరికీ చూపించారు. నాకు మాత్రం మోకాలి ఆపరేషన్‌కి నిన్ను తెచ్చిన సోమాజిగూడ ఆసుపత్రి వరండా గుర్తొచ్చింది. స్ట్రెచరు మీద నీ కాలు పక్కకి తిరిగిపోయి ఉండటం గుర్తొచ్చింది. ఇంత వాలకపోతే ఇంత వేగం ఉండదు, వేగం లేకపోతే సెలక్ట్ అవ్వదు, సెలక్ట్ అవ్వకపోతే క్షేమంగా ఇంటికొస్తుంది అని లెక్క వేశాను. మూడేళ్ళు నువ్వు చెప్పినవన్నీ రాసుకున్నదాన్ని కదా, నిన్ను కాస్త తగ్గించాలంటే ఎక్కడ ముట్టుకోవాలో నాకు బాగా తెలుసు. అక్కడే ముట్టుకున్నాను.

నువ్వు నెమ్మదిస్తావనుకున్నాను. స్కీ మాట వినకపోతే నువ్వు నీ ఒంటినంతా దాని మీదికి విసిరేస్తావని అనుకోలేదు. పాదంతో రావాల్సిన వంపు రాక నువ్వు తుంటి విసురుతున్నావు. స్కీ ముందు జారి, తర్వాత ఒక్కసారిగా మంచుని కొరుకుతోంది. ఆ కుదుపు నేరుగా మోకాలికే వెళుతోంది. ఏ మోకాలి కోసం చేశానో దానికే.

డిసెంబరులో నువ్వు రాశావు, ఎడమ బూటు బిగుతుగా ఉంది, బకిల్ ఇంకా బిగిస్తే గానీ మడమ ఆగట్లేదు, పాదం మొద్దుబారుతోంది, సారయ్య ఏమైనా మార్చాడా అని. నేను ఏం జవాబిచ్చానో నీ దగ్గరే ఉంది. "ఏమీ మార్చలేదు. ఆపరేషనైన కాలు, కొంచెం వాపుంటుంది, అలవాటవుతుంది." ఆ ఉత్తరం రాసినప్పుడు నాకు తెలుసు. తెలిసి పోస్టు చేశాను.

నాన్నగారికి నిన్న మధ్యాహ్నం చెప్పాను. భోజనం చేస్తున్నారు. ప్లేటు పక్కకి జరిపారు. "ఏంటి వసూ, నువ్వా?" అన్నారు. అంతే. అరిచినా బాగుండేది. సాయంత్రం నేను నాలుగుసార్లు ఉత్తరం మొదలుపెట్టి చించేస్తే, ఆ ముక్కలు ఏరి చదివి, "మోకాలి కోసం చేశానని మాత్రమే రాశావు. అక్కడ ఆపకు. పూర్తిగా రాయి" అన్నారు. అందుకే పూర్తిగా రాశాను.

ఇప్పుడు చేయాల్సింది. నీలం గుడ్డ ఒక మూల లేపి లాగు, వచ్చేస్తుంది. రబ్బరు గమ్‌తో అంటించి ఉంది. వేడినీళ్ళలో పెట్టిన చెంచా అంచుతో మడమ వైపు నుంచి లేపు. కత్తి వాడకు, ఇన్‌సోల్ తెగుతుంది. మిగిలిన గమ్ గీకి తుడిచి, పూర్తిగా ఆరాక లైనర్‌లో పెట్టి, చేత్తో తడిమి చూడు. ముడత ఉండకూడదు. లైనర్ వెచ్చగా ఉన్నప్పుడే బూటు తొడుక్కో. మడమ వెనక్కి రెండుసార్లు నేలకి తట్టి, మోకాలు ముందుకి వంచి, చీలమండ మీది బకిల్ ముందు పెట్టు. నిరుడు అది మూడో గాడి. ఇప్పుడు నువ్వు అయిదోదాకా లాగుతున్నావు, అంత అక్కర్లేదు. వేళ్ళ దగ్గరిది మొదటి గాడి, ఊరికే మూతపడితే చాలు. దాని పైది రెండు. పిక్క మీదిది మూడు. పైపట్టీ చివర్లో, గట్టిగా. వేళ్ళు ఆడాలి, మడమ ఆడకూడదు. మడమ ఆడితే బకిల్ బిగించకు, మళ్ళీ విప్పి మొదటినుంచి చేసుకో.

గురువారం దొరికితే నేరుగా పోటీకి పాతిన గేటు కర్రల మధ్యలోకి వెళ్ళకు. కోచ్‌గారితో నా తప్పని చెప్పు, ఈ ఉత్తరం చూపించు, సిగ్గుపడాల్సింది నేను. వాలు తక్కువున్నచోట నెమ్మదిగా రెండు గీతలు గీసుకుంటూ దిగు. ఆగి, వెనక్కి తిరిగి ఎడమ గీత చూడు. చీపురు గుర్తు పోయి పైనుంచే సన్నగా మొదలైతే, అప్పుడు వంపు పెంచు. మూడు నెలల్లో నీ ఒంటికి తుంటి విసరడం అలవాటైపోయి ఉంటుంది. హాల్లో నా రెండు చేతులూ పట్టుకుని నువ్వు చెప్పిన వరస నీకే మళ్ళీ చెబుతున్నాను. ముందు పాదం, తర్వాత మోకాలు, తుంటి ఆఖరున. లోపలి కాలు తనంతట తాను పొట్టిదవ్వాలి, బయటి కాలు పొడుగవ్వాలి, భుజాలు మాత్రం బయటి స్కీ మీదే ఉండాలి. తొందరపడి వాలకూడదు, స్కీ అంచు మంచుని పట్టేదాకా ఆగాలి. "ముందే వాలితే అది మలుపు కాదమ్మా, పడిపోవడం" అన్నావు. నేను గచ్చు మీద ముందే వాలి నీ మీద పడితే ఇద్దరం ఎంత నవ్వామో. అప్పుడే కిందినుంచి ఆవిడ కర్రతో సీలింగు కొట్టింది.

గురువారం దొరక్కపోతే, దారి మూసుకుపోయి మహేశ్ శుక్రవారం పొద్దునే చేరితే, ఏం చేయమని చెప్పాలో నాకు తెలియడం లేదు. పొద్దున్నుంచి అదే ఆలోచిస్తున్నాను. అలవాటు లేని బూటుతో దిగమనలేను, దిగొద్దనీ అనలేను. దిగొద్దని ఒకసారి నీకు చెప్పకుండానే నిర్ణయించాను కదా, ఇక ఆ హక్కు నాకు లేదు. రబ్బరు మాత్రం తీసెయ్. మిగతాది నువ్వే చూసుకో. ఉత్తరమే చేరకపోతే ఏమవుతుందన్నది మాత్రం రాయను.

నాలుగో ప్రశ్నకి జవాబు. నువ్వు పిరికిదానివి కాదు. కాలికింద ఆధారం లేకుండా ఒక చలికాలమంతా, పడ్డ ప్రతిసారీ లేచి మళ్ళీ మలుపులోకి వెళ్ళావు. పదకొండుసార్లు. ఈ ఇంట్లో భయపడిన మనిషి ఒక్కతే ఉంది. ఆ భయం తీసుకెళ్ళి నీ బూటులో దాచింది.

పుస్తకంలో అక్టోబరు పేజీ చించి దీంతో పెట్టాను. "మార్పు లేదు" అన్నది కొట్టేసి, పక్కన జరిగింది రాసి, సంతకం పెట్టాను. సారయ్య వద్దన్నాడని కూడా రాశాను. ఇవాళ పొద్దున వెళ్ళి అతనికి చెప్పాను. "నాకు తెల్వదా అమ్మా, పాపకు చెప్పలేదని? మీ మొకం సూస్తెనే సమజైంది. తల్లి గదా అని ఊకున్న. నేను సుత తప్పే చేసిన" అని, పని పక్కన పెట్టి, నీకొకటి పంపాడు. సారయ్య చేత్తో కోసిన గట్టి కార్కు పలకలు రెండు ఈ ప్యాకెట్టులో ఉన్నాయి. రబ్బరు తీశాక మడమ కింద ఖాళీ అనిపిస్తే పెట్టుకోమన్నాడు. అనిపించకపోతే వద్దన్నాడు. ఈసారి ఏం పెట్టాలో నువ్వే నిర్ణయించాలట.

శుక్రవారంలోపు నన్ను క్షమించాలని చూడకు. కోపం వస్తే రానీ, దాన్ని పక్కన పెట్టి ముందు బూటు సరిచేసుకో. తర్వాత నాతో ఎన్నాళ్ళు మాట్లాడకపోయినా నేను అడగను. ఒక్కటి మాత్రం చెయ్యి. ఆ నల్ల రబ్బరు ముక్క పారేయకు. మహేశ్ మళ్ళీ వచ్చేటప్పుడు అతని చేతికిచ్చి నాకు పంపు. మూడు నెలలు నువ్వు దాని మీద నిలబడ్డావు, నీ మడమ గుంట అందులో పడి ఉంటుంది. అది నేను చూడాలి. పుస్తకంలో ఆ పేజీ ఉన్నచోట పెట్టుకుంటాను.

అయిదింటికి వస్తానన్న మహేశ్ కింద హారన్ కొడుతున్నాడు. నాలుగున్నరే అయింది. ముందే వచ్చాడు, దేవుడు మేలు చేశాడు. చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగుతున్నాను.

ఇట్లు,
నిజమే రాస్తుందని నువ్వు నమ్మిన
మీ అమ్మ,
వసుమతి.